కూర్మికి కొత్త తొట్టి: పెరటి పని డైరీ

జనవరి 4

మా తాబేలు కూర్మికి నాలుగేళ్లు దాటాయి. చెన్నై కొళత్తూరులో రంగు చేపలమ్మే ఒక దుకాణంలో కొన్నప్పుడు పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. ఇంత పెరుగుతుందని వాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఈ రోజు స్కేలు పెట్టి కొలిస్తే చిప్ప పొడవు 19 సెంటీమీటర్లు. వంటింటి కాటా మీద 980 గ్రాములు. అది ఉంటున్న ప్లాస్టిక్ టబ్బు పొడవు రెండున్నర అడుగులు. నాలుగుసార్లు కాళ్లు ఆడిస్తే ముక్కు గోడకు తగులుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ గోడను గీకుతూనే ఉంటుంది. ఆ చప్పుడు వినీ వినీ ఇక ఊరుకోలేకపోయాను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఇది రెడ్ ఇయర్డ్ స్లైడర్. కంటి వెనక ఎర్రటి చార ఉంటుంది కాబట్టి ఎర్రచెవి తాబేలు అనొచ్చు. సొంత ఊరు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. ముందు కాళ్ల గోళ్లు పొట్టిగా, తోక సన్నగా ఉన్నాయి కాబట్టి మాది ఆడది. ఆడవాటి చిప్ప 25 సెంటీమీటర్లు దాటి కూడా పెరుగుతుంది. బాగా చూసుకుంటే ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. మా అమ్మాయికి ఇప్పుడు పదకొండు. దానికి పెళ్లయి పిల్లలు పుట్టినా కూర్మి ఉంటుంది.

ఆ పేరు పెట్టింది మా అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం. చిన్నప్పుడు శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్లకు ఆకులు తినిపించిన జ్ఞాపకం ఆవిడకి. కూర్మం నుంచి కూర్మి అయింది, ఆ మాటకి ప్రేమ అనే అర్థం ఎలాగూ ఉంది.

"పెద్దదైపోయింది కదా, గుడి కోనేట్లో వదిలేయండి, పుణ్యం" అని ఇప్పటికి ముగ్గురు చెప్పారు. మొన్న ఒకరు రెట్టేరి చెరువు దగ్గరే కదా అన్నారు. వాళ్లు మంచి మనసుతోనే అంటున్నారు. కానీ ప్రపంచంలో అతి చేటు చేసే వంద పరాయి జీవుల జాబితా ఒకటుంది, అందులో ఈ జాతి పేరుంది. మన చెరువుల్లో మెత్తటి చిప్ప తాబేళ్లు, నల్ల తాబేళ్లు ఉన్నాయి. ఎండ కాచుకునే రాయి దగ్గర, తిండి దగ్గర ఇది వాటిని నెట్టేస్తుంది. రోగాలు కూడా అంటిస్తుంది. ఐరోపా దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి. కొన్నది మేము, కాబట్టి చివరిదాకా చూసుకోవాల్సిందీ మేమే. కూర్మి సుఖంగా ఉండాలి, మా గడప దాటి ఏ నీళ్లలోకీ పోకూడదు. కట్టబోయే తొట్టి ఈ రెండు పనులూ చేయాలి.

జనవరి 11

నీళ్ల లెక్క. తాబేళ్లు పెంచేవాళ్లు చిప్ప ఒక్కో అంగుళానికి 10 అమెరికన్ గ్యాలన్లు, అంటే సుమారు 38 లీటర్లు కావాలంటారు. ఇప్పుడున్న ఏడున్నర అంగుళాలకు 285 లీటర్లు. రేపు 11 అంగుళాలైతే 418. మళ్లీ మళ్లీ కట్టే ఓపిక లేదు కాబట్టి 450 లీటర్లకు కడదామనుకున్నాం.

నేను మొదట మేడ మీద అనుకున్నాను, ఎండ బాగుంటుందని. మామయ్యగారు ఒప్పుకోలేదు. ఆయన ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు, బరువుల సంగతి ఆయనకి తెలుసు. "నీళ్లే 450 కిలోలమ్మా. ఇటుకల బరువు దీని మీద" అన్నారు. మా వీధిలో ఇళ్లు కట్టించే ఇంజనీరుని అడిగితే, మనుషులు తిరిగే డాబాకు చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారని చెప్పాడు. మా తొట్టి ఆరడుగులకు మూడడుగులు. నీళ్ల బరువు ఒక్కటే చదరపు మీటరుకు 270 కిలోలు పడుతోంది. మేడ ఆలోచన అక్కడితో మానేశాం.

ఇక మిగిలింది పెరడు. మా ఇల్లు పడమటి వాకిలి, పెరడు తూర్పున. పొద్దున మొదటి ఎండ అక్కడే పడుతుంది. అమ్మాయి సుద్దముక్క తీసుకుని ప్రతి అరగంటకూ ఎండ పడిన చోట గీత గీసి, పక్కన టైము రాసింది. 7.45కి మొదలై 10.45 దాకా ఉంది. ఈశాన్యంలో పక్కింటివాళ్ల మెట్లగది ఉంది, అయినా ఎండకు అడ్డు రావడం లేదు. ఉత్తరం చివర ఎండ అన్నిటికంటే ఎక్కువసేపు నిలిచింది. అక్కడ ఇటుక పెట్టి గుర్తు చేశాం.

జనవరి 18

కొత్త తొట్టి కట్టడానికి ఇంకో కారణం ఉంది, అది నాకు బాధ కలిగించే సంగతి. మూడేళ్లపాటు కూర్మిని కిటికీ అద్దం పక్కన పెట్టాం, ఎండ తగులుతోంది కదా అని. పోయిన నెల డాక్టరుగారు చిప్ప అంచు నొక్కి చూసి, కాస్త మెత్తగా ఉందన్నారు. వెలుతురు, వేడి అద్దంలోంచి వస్తాయి. విటమిన్ డీ3 తయారవడానికి కావలసిన యూవీబీ కిరణాలు మాత్రం అద్దంలోంచి దాదాపు రావు. డీ3 లేకపోతే తిన్న కాల్షియం ఒంటపట్టదు, చిప్ప, ఎముకలు గట్టిపడవు. అప్పటినుంచి రోజూ పొద్దున అరగంట పెరట్లో వదిలి పక్కనే కూర్చుంటున్నాను. కాల్షియం కోసం నాటుమందుల దుకాణంలో సముద్రపు నురుగు, అంటే కటిల్ ఫిష్ లోపలి తెల్ల చిప్ప కొని ముక్క వేస్తున్నాను. ఇష్టంగా కొరుకుతోంది.

ఈ రోజు అందరం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మద్రాసు క్రొకడైల్ బ్యాంకుకు వెళ్లాం. 1976లో రోములస్ విటేకర్ వాళ్లు మొదలుపెట్టింది. అమ్మాయి మొసళ్లను చూసింది, నేను మాత్రం వాటి మడుగుల గట్లు చూస్తూ నిలబడ్డాను. మగ్గర్ మొసళ్లు సగం ఒళ్లు నీళ్లలో, సగం ఇసుకలో పెట్టి పడుకున్నాయి. వేడెక్కితే ఒక్క జానెడు వెనక్కి జరిగితే చాలు. మా టబ్బులో కూర్మికి ఆ వీలు లేదు. ఇటుక ఎక్కితే మొత్తం బయట, దిగితే మొత్తం లోపల. తొట్టి అడుగు వాటంగా ఉండాలని అక్కడే అనుకున్నాను. ఒక చివర 6 అంగుళాల నీళ్లు, రెండో చివర 15 అంగుళాలు. ఇంటికొచ్చి లెక్క వేస్తే 450 లీటర్లకు కాస్త తక్కువ వచ్చింది.

ఫిబ్రవరి 8

తొట్టి కట్టడం అయింది. ముందు దిమ్మ గురించి రాయాలి, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు పెరట్లో నీళ్లు నిలిచాయి. గోడ మీద ఆ మరక ఇంకా ఉంది. టేపుతో కొలిస్తే నేల నుంచి 20 అంగుళాలు. నేల మీదే తొట్టి కట్టి ఉంటే, అలాంటి వాన మళ్లీ వస్తే కూర్మి ఈదుకుంటూ వీధి కాలువలోకి, అక్కడి నుంచి చెరువులోకి పోతుంది. అందుకని ముందు అడుగు ఎత్తు దిమ్మ, దాని మీద 27 అంగుళాల గోడ. గట్టు మొత్తం నేలకు 39 అంగుళాల ఎత్తులో ఉంటుంది. మేస్త్రి "ఎందుకక్కా ఇంత ఎత్తు, పిల్ల వంగి చూడ్డానికి అందదు" అన్నాడు. మరక చూపించాక మారు మాట్లాడలేదు. అతని ఇల్లు కూడా ఆ ఏడాది మునిగిందట.

గోడకు 250 ఇటుకలు పట్టాయి. గోడ పైఅంచు లోపలికి నాలుగంగుళాలు తోసి కట్టించాం, పాకి ఎక్కినా తల తగిలి ఆగాలని. లోతైన మూలలో ఒకటిన్నర అంగుళం పైపు, బయట బాల్ వాల్వు. మొత్తం అడుగు ఆ మూలకే వాటం. మురికి అక్కడ చేరుతుంది, వాల్వు తిప్పితే పోతుంది. ఆ నీళ్లు అరటిచెట్ల పాదుకు మళ్లించాం. కొత్తిమీర మడికి వద్దని నేనే గట్టిగా చెప్పాను. తాబేళ్ల ఒంటి మీద, నీళ్లలో సాల్మొనెల్లా ఉంటుంది. చిన్న పిల్లలు చేతిలో పట్టుకుని ఆడి జబ్బు పడుతున్నారనే అమెరికాలో 1975లో నాలుగంగుళాల లోపు తాబేళ్ల అమ్మకం నిషేధించారు. మా ఇంట్లో కూడా కూర్మిని ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడగాలి, దాని సామాను వంటింటి సింకులోకి రాకూడదు.

ఫిబ్రవరి 22

ప్లాస్టరింగ్ మీద గోనె సంచులు తడిపి పదిరోజులు ఉంచి, తర్వాత నీళ్లు నింపాం. మర్నాటికి ఒకటిన్నర అంగుళం దిగింది. టెన్షన్ పడ్డాను. మామయ్యగారు పొడి గుడ్డతో బయటి గోడంతా తుడిచి, గంట తర్వాత ఎక్కడ చెమ్మ తేలిందో చూశారు. వాల్వు పైపు గోడలోంచి వచ్చే చోట. చుట్టూ చెక్కించి, వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించాం. ఇప్పుడు దిగడం లేదు.

కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది. పీహెచ్ కాగితం ముంచితే ముదురు నీలం, అంటే క్షారం బాగా ఎక్కువ. ఆ నీళ్లలో ఏ ప్రాణినీ వేయకూడదు. ఇక్కడ చేపలు పెంచేవాళ్లు అరటిబోదె ముక్కలు వేసి నానబెడతారు. మేమూ వేశాం. వారానికి నీళ్లు నల్లబడి దుర్వాసన వస్తే పారబోసి, బ్రష్‌తో రుద్ది, మళ్లీ కొత్త నీళ్లు, కొత్త బోదె. తొందరపడే పని కాదిది. పీహెచ్ 8కి వచ్చేదాకా కూర్మి పాత టబ్బులోనే.

మార్చి 8

మూడో విడత నీళ్లకు పీహెచ్ 8 దగ్గర నిలిచింది.

ఈ మధ్యలో ఫిల్టర్ తయారైంది. 60 లీటర్ల నీలం డ్రమ్ములో కింద గరుకు స్పాంజి, దాని మీద గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు, పైన పాత ఇంటి పెంకు ముక్కలు. పెంకుల్లో సన్న రంధ్రాలుంటాయి. తాబేలు విసర్జనలోని అమ్మోనియాను మార్చే బ్యాక్టీరియా వాటిలో కాపురం పెడుతుంది. అది కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. అప్పటిదాకా రోజు విడిచి రోజు పావు వంతు నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లు ఒక రోజంతా మూత లేని డ్రమ్ములో ఉంచి పోస్తున్నాం, క్లోరిన్ పోవాలని. ఫిల్టర్‌ని కుళాయి కింద కడిగితే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. తొట్టి నీళ్లలోనే జాడించాలి.

పంపు రిచీ స్ట్రీట్‌లో కొన్నాం, గంటకు 2000 లీటర్లది. దాని వైరు వంపు తిరిగి కిందికి వేలాడి, తర్వాత ప్లగ్గుకు ఎక్కేలా మామయ్యగారు కట్టారు. వైరు వెంట జారిన చుక్క ప్లగ్గులోకి పోకుండా ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా స్విచ్ వేయనివ్వలేదు. నీళ్లలో చేయి పెట్టేది మనవరాలు మరి.

మార్చి 15

ఉదయం ఎనిమిదికి కూర్మిని దించాం.

మొదట తల చిప్పలోకి లాక్కుని, తక్కువ లోతున్న చివర కదలకుండా ఉంది. అయిదు నిమిషాల తర్వాత మెడ సాచింది. ఒక్కసారిగా కాళ్లతో తోసి లోతులోకి దూసుకుపోయింది. ఆ చివర నుంచి ఈ చివరకు, మళ్లీ అటు. నాలుగేళ్లలో అది అంత పొడవున ఈదడం నేను చూడలేదు. దానికి ఈత వచ్చని తెలుసు, ఇంత వేగం ఉందని తెలియదు. అత్తయ్య కుర్చీ తెప్పించుకుని పదకొండింటి దాకా అక్కడే కూర్చున్నారు.

మార్చి 16

రాత్రి తప్పించుకుంది. మూత తలుపులు ఇంకా బిగించలేదు, గట్టు ఎత్తుంది కదా అని ఊరుకున్నాం. ఫిల్టర్ పైపుకీ గోడకీ మధ్య సందులో కాళ్లు అటూ ఇటూ తన్నిపెట్టి, పైకి పాకింది. మా నాలుగంగుళాల అంచు ఆ మూలలో పైపు కోసమని కోసేసి ఉంది. పొద్దున్నే ఆరింటికి బట్టలుతికే రాయి కింద దొరికింది. అంత ఎత్తునుంచి పడినా చిప్ప పగల్లేదు, కింద ఇసుక కుప్ప ఉండటం వల్ల. నా చేతులు వణకడం ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ పక్కనే ముంగిస తిరిగే దారి ఉంది.

సాయంత్రానికల్లా మామయ్యగారు యాంగిల్ ఫ్రేముకు అంగుళం కళ్ల వెల్డ్ మెష్ బిగించి మూత పూర్తి చేశారు. రెండు రెక్కలు, మడత బందులు, గొళ్లెం. మెష్ కళ్లు పెద్దవి కాబట్టి ఎండ బాగానే దిగుతుంది. కాకులు, పిల్లులు దూరవు. పైపు సందును పీవీసీ పలకతో మూశాం.

ఏప్రిల్ 5

కూర్మి ఎండ కాచుకోవడం తగ్గించింది. మొదటి రెండు వారాలు రోజూ ఎనిమిదింటికల్లా, ఎండ కోసం తొట్టి ఉత్తరం చివర కట్టిన బల్ల ఎక్కేది. ఇప్పుడు ఎక్కుతుంది, దిగిపోతుంది. జబ్బేమో అని భయపడి రెండు రోజులు తిండి, కళ్లు గమనించాను. కళ్లు వాయలేదు, మెంతికూర, గుమ్మడికాయ తురుము, మందారాకులు బాగానే తింటోంది. మరి ఏమిటి?

అమ్మాయే కనిపెట్టింది. "అమ్మా, సుద్ద గీతలు తప్పు చెప్తున్నాయి" అంది. మళ్లీ గీసి చూశాం. జనవరిలో 7.45కి ఎండ పడిన ఉత్తరం చివర, ఇప్పుడు తొమ్మిదింబావు దాకా నీడలోనే ఉంది. కారణం తెలిశాక అంత సులువైన సంగతి ఎలా మరిచానా అనిపించింది. జనవరిలో సూర్యుడు ఆగ్నేయం వైపు నుంచి ఉదయిస్తాడు. ఉత్తరాయణంలో రోజురోజుకూ ఉత్తరానికి జరుగుతాడు. జనవరి మూడో వారానికీ మే మూడో వారానికీ మధ్య చెన్నైలో ఉదయించే చోటు దాదాపు నలభై డిగ్రీలు మారుతుంది. అంటే నేరుగా పక్కింటి మెట్లగది వెనక్కి. ఏప్రిల్ 24 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు. అక్కడినుంచి ఆగస్టు నడిమి దాకా నడినెత్తికి ఉత్తరం పక్కనే. మేము చలికాలం గీతలు చూసి ఏడాదికంతటికీ బల్ల కట్టేశాం.

నీడ పోయేసరికి ఎండ ముదిరిపోతోంది. బల్లకు పరిచింది నల్ల గ్రానైటు పలక. పదకొండింటికి ఉష్ణోగ్రత చూసే గన్ను పెడితే 52 డిగ్రీలు. దానికి కావలసింది 32 నుంచి 35. నేను చేయి ఆనించలేని రాయి మీద దాని పొట్ట ఎలా ఆనుతుంది? అది దిగిపోవడంలో తప్పేముంది.

ఏప్రిల్ 19

కట్టిన బల్ల పగలగొట్టించాం. దాని బదులు మామయ్యగారు పాత టేకు తలుపు చెక్కను చిత్రిక పట్టి, వార్నిషంతా పోయేదాకా గీసి, వేలాడే బల్ల చేశారు. 18 అంగుళాలకు 14. రెండు స్టీలు కొక్కేలు గట్టుకు తగిలిస్తే నీటి మట్టానికి కాస్త పైన నిలుస్తుంది. ముందు భాగంలో నీళ్లలోకి వాలే ఏటవాలు చెక్క, దాని మీద గోళ్లు పట్టుకునేలా అడ్డంగా గాట్లు. ఇప్పుడు తొట్టి దక్షిణం చివర తగిలించాం. అక్కడ ఏడుంబావుకే ఎండ వస్తోంది. వినాయక చవితికి ఉత్తరానికి మార్చాలి, మళ్లీ ఉగాదికి దక్షిణానికి. అమ్మాయి క్యాలెండర్‌లో రాసి పెట్టింది. చెక్క మీద పదింటికి 36 డిగ్రీలు.

ఉత్తర భాగం మీద మెష్ పైన ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టాం. రోహిణి కార్తె ఇంకా రాలేదు, అయినా మధ్యాహ్నం మూడింటికి నీళ్లు 32 డిగ్రీలు చూపించాయి. నెట్ కట్టాక 29. 24 నుంచి 28 మధ్య ఉంటే మంచిది. ఇంకో నెట్ వేసి చూడాలి.

మే 3

డాక్టరుగారు చిప్ప అంచు మళ్లీ నొక్కి చూశారు. గట్టిపడుతోందన్నారు. పాత పొరలు పలచగా, గాజు పెంకుల్లా ఊడుతున్నాయి, కింద కొత్త చిప్ప నున్నగా మెరుస్తోంది. ఇంకో మాట కూడా చెప్పారు, అది నేను ముందే తెలుసుకుని ఉండాల్సింది. ఈ సైజు ఆడ తాబేలు మగది లేకపోయినా గుడ్లు పెట్టగలదు. వాటిలోంచి పిల్లలు రావు. కానీ తవ్వడానికి మెత్తటి నేల దొరక్కపోతే గుడ్లు లోపలే పట్టేసుకుంటుంది, ప్రాణం మీదికొస్తుంది.

తొట్టికి ఆనించి, అదే ఎత్తులో, రెండడుగులకు అడుగున్నర పెట్టె కట్టించాం. లోతు 10 అంగుళాలు. సగం ఇసుక, సగం ఎర్రమన్ను, పిడికిట పడితే ముద్ద నిలిచేంత తడి. తొట్టి గట్టుకు గాడి కొట్టి అక్కడికి ఏటవాలు చెక్క వేశాం. మెష్ మూత దాన్ని కూడా కప్పుతుంది. తొట్టిలో నీళ్లు వానకు పొంగితే పోవడానికి 18 అంగుళాల ఎత్తున ఒక పైపు, దానికి లోపల జల్లెడ. గొట్టం పెట్టి అరగంట నింపి చూశాం. పొంగిన నీళ్లన్నీ ఆ పైపులోంచే పోయాయి, ఇసుక పెట్టె తడవలేదు.

మే 10

నిన్న రాత్రి, ఈ రోజు పొద్దున ఇసుకలోకి ఎక్కింది. వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటిగా తవ్వుతోంది. ఆగి, వాసన చూస్తున్నట్టు ముక్కు ఆనించి, మళ్లీ వేరే మూలలో తవ్వుతోంది. మూడు గుంటలున్నాయి. చేత్తో నెమ్మదిగా వెతికాను, గుడ్లు లేవు. రెండు రోజులుగా తిండి సగమే తింటోంది. అత్తయ్య పెరట్లోకి ఎవరినీ వెళ్లనివ్వడం లేదు, గట్టిగా మాట్లాడనివ్వడం లేదు. ఇసుక కాస్త ఆరినట్టుంటే నీళ్లు చిలకరించి, మెష్ మీద పాత చీర కప్పి వచ్చాను.

మంగళవారం ఎక్స్‌రేకి తీసుకెళ్తున్నాను.